పదివేల మందిలో ఒక కుర్చీ

జూలై తొలి వారంలో లాస్ వేగాస్ ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండలోనే దేశదేశాల జనం వచ్చి హార్స్‌షూ, ప్యారిస్ అనే పక్కపక్క హోటళ్ల పెద్ద హాళ్లలో చేరతారు. తలా 10,000 డాలర్లు కట్టి, తలా 60,000 చిప్స్ అందుకుని, బల్లకు తొమ్మిది మంది చొప్పున కూర్చుంటారు. 2024లో అలా కూర్చున్నవాళ్లు 10,112 మంది. ఆ పోటీ పేరు వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్. ఈ ఆటే బతుకుతెరువుగా ఉన్నవాళ్లు అందులో కొద్దిమందే. మిగతావాళ్లంతా ఏడాది పొడవునా వేరే పనులు చేసుకునేవాళ్లు. పళ్ల డాక్టర్లు, అకౌంటెంట్లు, బడి పంతుళ్లు, లాయర్లు, రిటైరై మనవల్ని ఆడించుకుంటున్న తాతలు, అమ్మమ్మలు.

మెయిన్ ఈవెంట్ ఈ ఉత్సవంలో పతాక ఘట్టం మాత్రమే. మే చివర్లో మొదలై జూలై నడిమి దాకా వంద వరకూ పోటీలు జరుగుతాయి. ఒక్కో పోటీ గెలిచినవాళ్లకు డబ్బుతోపాటు బంగారు కంకణం ఇస్తారు. యాభై దాటినవాళ్లకు ఒక పోటీ, ఆడవాళ్లకు ఒకటి, కాసినోల్లో పనిచేసే ఉద్యోగులకు ఒకటి. తక్కువ రుసుముతో పెట్టే పోటీలకు జనం విరగబడతారు. 2015లో 565 డాలర్లతో పెట్టిన కొలాసస్‌కు 22,374 ఎంట్రీలు వచ్చాయి. 2019లో 500 డాలర్ల బిగ్ 50కి 28,371 వచ్చాయి. ఒకరకంగా ఇది పేకాటవాళ్ల తిరునాళ్లు. ఏటా అవే ముఖాలు, అవే పలకరింపులు, గెలవకపోయినా మళ్లీ వచ్చే ఏడు వస్తామనే మాట.

ఇంత పెద్ద పోటీల్లో ఇలాంటి వెసులుబాటు నాకు మరెక్కడా కనిపించలేదు. వేరే ఏ ఆటలోనైనా ప్రపంచస్థాయి బరిలో దిగాలంటే ర్యాంకు ఉండాలి, సెలెక్టర్ల చూపు పడాలి. ఇక్కడ రుసుము కడితే చాలు. సీట్లు చీటీ పద్ధతిలో పడతాయి కాబట్టి మొదటి రోజు మొదటి గంటలోనే మీ ఎడమ పక్క కుర్చీలో నిరుటి ఛాంపియన్ కూర్చుని ఉండవచ్చు. అతని చిప్స్ 60,000, మీవీ 60,000.

పేకాట అంటే మన ఇళ్లలో ముఖం చిట్లిస్తారు. అందుకు గట్టి కారణాలున్నాయి. వాటి దగ్గరికీ వస్తాను. అయితే టోర్నమెంట్ పోకర్‌లో నేర్చుకోదగ్గ విద్య ఒకటుంది. సగం తెలిసి సగం తెలియని స్థితిలో నిర్ణయం తీసుకోవడం, ఆ నిర్ణయం మంచిచెడ్డల్ని దాని ఫలితంతో ముడిపెట్టకుండా తూచడం. బతుకులో రోజూ అవసరమయ్యే ఈ నేర్పు బడిలో చెప్పరు. ఆ బల్ల దగ్గర తప్పనిసరిగా నేర్చుకోవాల్సి వస్తుంది.

ఈ పోటీ 1970లో పుట్టింది. లాస్ వేగాస్ పాత బజారులో హార్స్‌షూ కాసినో నడిపిన బెన్నీ బినియన్ అప్పటి పేరున్న ఆటగాళ్లను పిలిచి ఆడించాడు. ఇప్పటి హార్స్‌షూకు పేరు అదే గానీ భవనం వేరు. మొదటి ఏడాది విజేత జానీ మాస్‌ను ఆటగాళ్లే ఓటు వేసి ఎన్నుకున్నారు. అసలు మలుపు 1971లో వచ్చింది. అందరూ ఒకే మొత్తం కట్టి, సమానమైన చిప్స్‌తో మొదలుపెట్టి, చిప్స్ అయిపోయినవాళ్లు లేచిపోతూ, చివరికి అన్ని చిప్స్ ఒక్కరి ముందు చేరేదాకా ఆడాలి. దీన్ని ఫ్రీజౌట్ అంటారు. 1972లో రుసుము 10,000 డాలర్లుగా స్థిరపడింది. అర్ధ శతాబ్దం దాటినా దాన్ని పెంచలేదు.

ఈ చిన్న నిబంధనే పోకర్ స్వభావాన్ని మార్చేసింది. మామూలు డబ్బాటలో జేబులోంచి మళ్లీ మళ్లీ తీస్తూ ఉండవచ్చు, నష్టానికి అడుగు కనిపించదు. ఫ్రీజౌట్‌లో మీరు పోగొట్టుకోగలిగింది మొదటి నిమిషంలోనే తేలిపోతుంది. ఆ తరువాత ఎంత తప్పుగా ఆడినా అంతకు మించి ఒక్క డాలరు పోదు. చిప్స్ మీద ఏ అంకె ఉన్నా మధ్యలో వాటిని డబ్బుగా మార్చుకోవడం కుదరదు. మెయిన్ ఈవెంట్ ఇప్పటికీ ఫ్రీజౌటే. చాలా పోటీల్లో ఇప్పుడు ఓడినవాళ్లు మళ్లీ రుసుము కట్టి చేరవచ్చు. ఆ పద్ధతి నాకు నచ్చదు. ఒక్కటే అవకాశం ఉందన్న ఎరుకే ఈ ఆటకు బలం.

సామాన్యుడు 10,000 డాలర్లు ఎక్కడ తెస్తాడు? ఆ ప్రశ్నకు జవాబుగా శాటిలైట్ పోటీలు వచ్చాయి. పదిమంది తలా వెయ్యి వేసుకుని చిన్న టోర్నమెంట్ ఆడతారు, గెలిచినవారికి పదివేల సీటు దక్కుతుంది. అలా చేరి 1983లో ఛాంపియన్ అయినవాడు టామ్ మెకెవాయ్. అతను మిషిగన్‌లో అకౌంటెంటుగా పనిచేసినవాడు. ఇరవై ఏళ్ల తరువాత మరో అకౌంటెంటు వచ్చాడు. టెనసీ రాష్ట్రానికి చెందిన క్రిస్ మనీమేకర్, వయసు 27. ఆన్‌లైన్‌లో 86 డాలర్ల శాటిలైట్‌తో మొదలుపెట్టి 2003 మెయిన్ ఈవెంట్ సీటు సంపాదించాడు. మొత్తం 839 మంది ఆడిన ఆ పోటీలో 25 లక్షల డాలర్లు గెలిచాడు. తన ఊరి అకౌంటెంటు గెలిచాడంటే తానూ గెలవొచ్చని ప్రపంచమంతా అనుకుంది. మరుసటి ఏడాది 2,576 మంది, ఆ పై ఏడాది 5,619 మంది, 2006లో 8,773 మంది వచ్చారు.

జనం పెరగడానికి ఇంకో మనిషి కూడా కారణం. నాజీల నిర్బంధ శిబిరాల్లోంచి బతికి బయటపడి అమెరికా చేరి బొమ్మల వ్యాపారంలో స్థిరపడిన హెన్రీ ఒరెన్‌స్టైన్, ఆటగాళ్ల మూసిన ముక్కలను టీవీ ప్రేక్షకులకు చూపే కెమెరా బల్లను రూపొందించి 1990ల్లో పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందు టీవీలో పోకర్ చూడడమంటే పొడి ముఖాలు చూడడమే. ముక్కలు కనిపించాక ప్రతి నిర్ణయం వెనకున్న ఆలోచన జనానికి అర్థమైంది.

ఇక ఆట. టెక్సస్ హోల్డెమ్‌లో ప్రతి ఒక్కరికీ రెండు ముక్కలు మూసి పంచుతారు. బల్ల మధ్యలో అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు తెరుస్తారు. మొదట మూడు ఒకేసారి, దాన్ని ఫ్లాప్ అంటారు. తరువాత ఒకటి టర్న్, చివరిది రివర్. చేతిలోని రెండు, బల్ల మీది ఐదు, మొత్తం ఏడింటిలో మంచి ఐదింటిని ఏరుకోవాలి. ముక్కలు పంచాక ఒకసారి, ఫ్లాప్, టర్న్, రివర్ తరువాత ఒక్కోసారి, మొత్తం నాలుగుసార్లు పందెం నడుస్తుంది. అందరూ ఊరికే కూర్చోకుండా ఇద్దరు ముందే తప్పనిసరి పందెం కట్టాలి. అవి బ్లైండ్లు, రెంటిలో పెద్దది బిగ్ బ్లైండ్. నియమాలు పదిహేను నిమిషాల్లో వచ్చేస్తాయి. లోతు మాత్రం అందదు.

52 ముక్కల్లోంచి రెండు రావడానికి 1,326 మార్గాలున్నాయి. రెండు ఆసులు కలిసి రావడం సగటున 221 పంపకాల్లో ఒక్కసారి. బల్ల దగ్గర గంటకు పాతిక, ముప్పై పంపకాలు జరుగుతాయి. మెయిన్ ఈవెంట్‌లో మొదటి రోజు ఆట పది గంటలు. అంటే రోజంతా కూర్చుంటే ఆ ఆసుల జత ఒకసారి రావచ్చు, రాకపోవచ్చు. మిగతా పంపకాల్లో చేసే ముఖ్యమైన పని ముక్కలు పడేయడం. రమ్మీ ఆడే తెలుగువాళ్లకు ఇది కొత్త కాదు. 101 పూల్‌లో ముక్కలు చూసి మొదట్లోనే డ్రాప్ అయితే 20 పాయింట్లు, ఆశపడి కాసేపు ఆడి మధ్యలో డ్రాప్ అయితే 40, చివరిదాకా మొండికేస్తే 80. ఆ లెక్క ఒంటబట్టినవాళ్లకు పోకర్‌లో సగం క్రమశిక్షణ ఉన్నట్టే. కొత్తవాళ్లు ఓడేది చెత్త ముక్కలతో కాదు. ఫర్వాలేదనిపించే ముక్కలతో, ఇంత దూరం వచ్చాం కదా అని చివరిదాకా వెళ్లి ఓడతారు.

ముక్కలకన్నా కుర్చీ ముఖ్యం అంటే కొత్తవాళ్లు నమ్మరు. బల్ల మీద డీలర్ స్థానాన్ని సూచించే బటన్ ఒక్కో పంపకానికి ఒక్కో కుర్చీ జరుగుతుంది. బటన్ ఎవరి దగ్గర ఉంటే వాళ్లు ఫ్లాప్ తరువాత అన్ని రౌండ్లలోనూ చివర మాట్లాడతారు. చివర మాట్లాడేవాడికి ముందువాళ్లు ఏంచేశారో తెలుసు. ఎవరు తగ్గారు, ఎవరు పెంచారు, ఎవరు ఆలోచించారు, అంతా కళ్లముందు ఉంటుంది. అందుకే మొదట మాట్లాడాల్సిన కుర్చీలో పారేయదగ్గ రాణి-పది జత బటన్ మీద ఆడదగ్గదవుతుంది. ముక్కలు మారలేదు, తెలిసిన సమాచారం పెరిగింది.

పందెం కట్టాలా వద్దా అన్నది కూడిక, తీసివేతల లెక్కే. పాట్‌లో, అంటే బల్ల మధ్య పోగైన పందేల్లో, 100 ఉంది, ఎదుటివాడు 50 కాశాడు. మీరు 50 పెడితే 150 గెలవొచ్చు. అంటే నాలుగింట ఒకసారి గెలిచినా సరిపోతుంది. ఇప్పుడు మీ చేతిలో రెండు ఇస్పేట్లు, ఫ్లాప్‌లో రెండు ఇస్పేట్లు ఉన్నాయనుకోండి. ఇంకొకటి వస్తే ఐదూ ఇస్పేట్లే, దాన్నే ఫ్లష్ అంటారు. కనబడని 47 ముక్కల్లో ఇస్పేట్లు తొమ్మిది. తరువాతి ఒక్క ముక్కలో వచ్చే అవకాశం 19 శాతం, రెండు ముక్కలూ చూడగలిగితే 35 శాతం. బల్ల దగ్గర భాగహారాలు చేయక్కర్లేదు. పనికొచ్చే ముక్కల సంఖ్యను ఒక ముక్క మిగిలితే రెండుతో, రెండు ముక్కలు మిగిలితే నాలుగుతో హెచ్చవేస్తే దాదాపు సరైన శాతం వస్తుంది. ఈ చిట్కా కొత్తవాళ్లకు మొదటి రోజే చెప్పాలి.

లెక్కకన్నా కష్టమైనది ఎదుటివాడి చేతిని ఊహించడం. సినిమాల్లో హీరో ఎదుటివాడి కళ్లలోకి చూసి నీ దగ్గర రెండు రాజులున్నాయి అంటాడు. నిజమైన ఆటగాళ్లు అలా ఆలోచించరు. ఇతను ఆ కుర్చీలోంచి, అంత పెంచి, ఫ్లాప్‌లో మళ్లీ కాశాడంటే అతని దగ్గర ఉండగలిగిన జతలేవి అని ఒక గుంపును మనసులో పెట్టుకుంటారు. ఒక్కో పందేనికీ ఆ గుంపులోంచి కొన్ని రాలిపోతాయి. రివర్ దగ్గరికి వచ్చేసరికి కొన్నే మిగులుతాయి. అంతా మనకు అనుకూలమైన ఒకే ఊహను పట్టుకుని వేలాడడం మనిషి సహజ గుణం. దాన్ని వదిలించడంలో పోకర్ కన్నా గట్టి గురువును నేను చూడలేదు.

ముఖ కవళికల మాటా చెప్పాలి. మైక్ కారో 1980ల్లో దీని మీద పుస్తకమే రాశాడు. అతను చెప్పినదాని సారం, ఆటగాళ్లు నటిస్తారని, బలం ఉన్నవాడు నీరసంగా, లేనివాడు ధీమాగా కనిపించాలని చూస్తారని. ఔత్సాహికుల బల్లల దగ్గర ఇది కొంతవరకూ పనిచేస్తుంది. అయితే చేతులు వణికితే భయమని అనుకోకండి. చాలాసార్లు గొప్ప ముక్కలు పడ్డ ఉద్వేగానికే వణుకుతాయి. నన్నడిగితే ముఖం కన్నా పందెం సైజు, తీసుకున్న సమయం ఎక్కువ నిజం చెబుతాయి.

బ్లఫ్‌ను జనం తెగింపు అనుకుంటారు. గణితజ్ఞులకది ఆటలో తప్పనిసరి భాగం. జాన్ వాన్ నాయ్‌మన్, ఆస్కర్ మార్గెన్‌స్టెర్న్ కలిసి 1944లో వెలువరించిన గేమ్ థియరీ గ్రంథంలో పోకర్‌కు ప్రత్యేకంగా ఒక విభాగం ఉంది. మంచి ముక్కలు ఉన్నప్పుడే పందెం కాసేవాడి దగ్గర ఎవరూ డబ్బు పెట్టరు, అతని మంచి ముక్కలు వృథా అవుతాయి. కాబట్టి లెక్క ప్రకారం కొన్నిసార్లు లేనప్పుడూ కాయాలి. ఎన్నిసార్లు? రివర్‌లో పాట్ 100 ఉండగా 100 కాస్తే ఎదుటివాడు మూడింట ఒకసారి గెలిస్తే అతనికి గిట్టుబాటు. అందుకని మీ పందేల్లో మూడింట ఒకటి బ్లఫ్ ఉంటే అతను పట్టినా, పారేసినా ఒకటే. ఎటూ తేల్చుకోలేడు.

2003 ఆఖరి పోరులో మనీమేకర్ చేసిన బ్లఫ్‌ను ఇప్పటికీ పాఠంగా చూపిస్తారు. ఎదురుగా అనుభవజ్ఞుడు సామ్ ఫార్హా. అతని చేతిలో రాణి, తొమ్మిది. మనీమేకర్ చేతిలో ఇస్పేటు రాజు, ఆఠీను ఏడు. బల్ల మీద తొమ్మిది, రెండు, ఆరు, ఎనిమిది, మూడు. అందులో మూడు ఇస్పేట్లు. టర్న్ దగ్గర మనీమేకర్‌కు ఫ్లష్‌కూ, వరసకూ కూడా ఆశ ఉంది. అక్కడ రైజ్ చేశాడు. రివర్‌లో ఏదీ రాలేదు. చేతిలో ఉత్త రాజు. అయినా ఉన్నదంతా ముందుకు నెట్టాడు. బల్ల మీద కనబడేదానికీ, అంతకుముందు అతను కాసిన పందేలకూ ఫ్లష్ కథ చక్కగా అతికింది. తొమ్మిదుల జత చేతిలో పెట్టుకున్న ఫార్హా చాలాసేపు ఆలోచించి ముక్కలు పడేశాడు. కాసేపటికి కంకణం అకౌంటెంటుదైంది. మొదటి రౌండు నుంచీ చెబుతున్న కథకు చివరి పందెం పొసిగితేనే బ్లఫ్ నిలుస్తుంది.

టోర్నమెంట్‌ది డబ్బాటకు లేని మరో తర్కం. నియమిత సమయానికి బ్లైండ్లు పెరుగుతాయి. మెయిన్ ఈవెంట్‌లో ఒక్కో లెవెల్ రెండు గంటలు. మొదటి లెవెల్లో మీ 60,000 చిప్స్ అంటే 300 బిగ్ బ్లైండ్లు. కావలసినంత ఊపిరి. ఏమీ చేయకుండా కూర్చున్నా ఆ ఊపిరి తగ్గుతూ పోతుంది. అందుకే ఆటగాళ్లు చిప్స్‌ను వేలల్లో లెక్కపెట్టరు, బిగ్ బ్లైండ్లలో లెక్కపెడతారు. వంద ఉన్నప్పుడు ఓపికగా చిన్న చిన్న పాట్‌లు ఏరుకోవచ్చు. పదీ పన్నెండుకు పడిపోతే మిగిలేవి రెండే దారులు, ఉన్నదంతా పెట్టడం లేదా పారేయడం. ఇంకాస్త మంచి ముక్కల కోసం ఎదురుచూస్తూ కరిగిపోవడం ఔత్సాహికులు ఎక్కువగా చేసే పొరపాటు.

ఇంతకన్నా సూక్ష్మమైనది చిప్ విలువ. ఉదాహరణ చెబుతాను, ఓపిగ్గా చదవండి. నలుగురు మిగిలారు. బహుమతులు మూడే, 50 వేలు, 30 వేలు, 20 వేలు. నలుగురి చిప్స్ సమానం. కాబట్టి ఒక్కొక్కరి స్థానం విలువ సగటున 25 వేలు. మీరు ఒకరితో ఆల్ ఇన్ వెళ్లి, అంటే ఉన్నదంతా పెట్టి, గెలిచారు. చిప్స్ రెట్టింపయ్యాయి. స్థానం విలువ 50 వేలు అయిందా? కాలేదు. ఇప్పుడు మీకు మొదటి బహుమతి వచ్చే అవకాశం సగం, రెండోది మూడో వంతు, మూడోది ఆరో వంతు. లెక్కకడితే 38 వేల పైచిలుకు. ఓడి ఉంటే సున్నా. అంటే 25 వేలు ఒడ్డి 13 వేలు సంపాదించారు. గెలిచే అవకాశం 65 శాతం దాటితే తప్ప ఆ పందెం నష్టమే. డబ్బాటలో 55 శాతం అవకాశం కళ్లకద్దుకోవాల్సినది, ఇక్కడ అదే తప్పు. మళ్లీ ఇదే లెక్కను తిప్పి చూస్తే, ఎక్కువ చిప్స్ ఉన్నవాడు మిగతావాళ్ల భయం మీద స్వారీ చేయవచ్చు.

ఈ భయం నిండుగా కనిపించేది బబుల్ దగ్గర, అంటే బహుమతి డబ్బు దక్కే గీతకు కాస్త ముందు. దాదాపు 15 శాతం మందికే బహుమతి డబ్బు దక్కుతుంది. 2024లో 1,517 మందికి దక్కింది, అందులో అతి చిన్నది 15,000 డాలర్లు. ఆ అంకె దగ్గరపడగానే హాలు మారిపోతుంది. ఎవరూ నెమ్మదించి లాభపడకుండా అన్ని బల్లల దగ్గరా ఒక్కో పంపకం ఒకేసారి ఆడిస్తారు. ఎక్కడో ఒక బల్ల దగ్గర ఆల్ ఇన్ అని కేక వినబడితే చుట్టూ ఉన్నవాళ్లు లేచి నిలబడతారు. మూడు రోజులు ఆడి ఒక్క స్థానం తేడాతో వట్టి చేతులతో వెళ్లేవాడు ఎవరో ఆ క్షణంలో తేలుతుంది. అలా వెళ్లేవాళ్లకు మరుసటి ఏడాది సీటు ఉచితంగా ఇచ్చే ఆనవాయితీ ఉంది. అది నాకెంతో నచ్చిన మర్యాద.

మర్యాదలూ ఈ విద్యలో భాగమే. నియమాలు హాలుకొక తీరుగా ఉండకూడదని 2001లో టోర్నమెంట్ డైరెక్టర్లు సంఘంగా ఏర్పడి ఉమ్మడి నిబంధనలు రాసుకున్నారు. వరస దాటి మాట్లాడకూడదు. చిప్స్ ఒకేసారి ముందుకు పెట్టాలి, కొన్ని పెట్టి ఎదుటివాడి ముఖం చూసి ఇంకొన్ని జోడించడం కుదరదు. తన ముక్కల గురించి ఇతరులతో చర్చించకూడదు. పంపకం నడుస్తుండగా ఇంగ్లీషు తప్ప మరో భాష మాట్లాడకూడదు, ఇద్దరు తెలుగువాళ్లు ఒకే బల్ల దగ్గర పడ్డా అంతే. గెలిచే ముక్కలున్నాయని తెలిసీ ఎదుటివాణ్ని ఊరించి ఆలస్యంగా చూపించడం నియమానికి విరుద్ధం కాదు గానీ బల్ల అంతా ఛీ కొడుతుంది.

ఇంత నేర్చుకున్నా ఓడతారు. రెండు ఆసులు, రెండు రాజుల మీద ముందే ఆల్ ఇన్ అయితే గెలిచే అవకాశం 82 శాతం. మిగతా 18 శాతం ఎక్కడికీ పోదు. ఏళ్ల తరబడి ఎదురుచూసి, డబ్బు పోగేసుకుని, విమానమెక్కి వచ్చి, అన్నీ సరిగ్గా చేసి, ఆసులతో ఓడి లేచిపోయేవాళ్లు ప్రతి రోజూ ఉంటారు. వాళ్లు అడుక్కోవాల్సిన ప్రశ్న ఒక్కటే, అదే స్థితి మళ్లీ వస్తే అలాగే చేస్తానా? చేస్తానంటే నిర్ణయం మంచిది. గెలిచినవాళ్లూ ఇదే ప్రశ్న వేసుకోవాలి. అది ఇంకా కష్టం. మాజీ ఆటగత్తె ఆనీ డ్యూక్ 2018లో రాసిన పుస్తకంలో ఫలితాన్ని బట్టి నిర్ణయాన్ని తూచే అలవాటునే ప్రధానంగా ఎండగట్టింది. మనస్తత్వ శాస్త్రంలో డాక్టరేటు ఉన్న మరియా కొన్నికోవా అదృష్టానికీ నేర్పుకూ సరిహద్దు ఎక్కడో తెలుసుకోవాలని, పేకలో ఎన్ని ముక్కలుంటాయో కూడా తెలియని స్థితిలో అనుభవజ్ఞుడైన ఆటగాడు ఎరిక్ సైడెల్ దగ్గర శిష్యరికం మొదలుపెట్టింది. 2018 జనవరిలో బహమాస్‌లో ఒక టోర్నమెంటే గెలిచింది. అదృష్టం వాటా ఎంతన్నదానికి ఇంకో సాక్ష్యం, 1997 తరువాత మెయిన్ ఈవెంట్‌ను రెండోసారి గెలిచినవాళ్లు లేరు.

1997 విజేత స్టూ ఉంగర్. 1980, 1981లోనూ అతనే. న్యూయార్క్ కుర్రాడు. జిన్ రమ్మీలో అతన్ని ఓడించేవాళ్లు లేక, ఎదురు కూర్చునేవాళ్లే కరవై పోకర్ వైపు వచ్చాడు. బల్ల మీద అంతటి మేధావి. బల్ల దాటితే గెలిచినదంతా పందేలకూ, మత్తుమందులకూ పోసేశాడు. మూడో టైటిల్ గెలిచిన మరుసటి ఏడాది, 1998 నవంబరులో, 45 ఏళ్ల వయసులో లాస్ వేగాస్‌లోని ఒక చవక మోటెల్ గదిలో చనిపోయి కనిపించాడు. అంత్యక్రియలకు తోటి ఆటగాళ్లు చందాలు వేసుకున్నారు. ఉంగర్ గురించి చెప్పకుండా పోకర్ గొప్పతనం చెప్పేవాళ్లను నేను నమ్మను.

మన దగ్గర ఈ చేదు ఇంకా దగ్గరిది. క్లబ్బుల్లో ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లను, ఫోన్‌లో రమ్మీ ఆడి అప్పులపాలై ప్రాణాలు తీసుకున్నవాళ్లను తెలుగు ఊళ్లు చూశాయి. 1967 నవంబరులో సికింద్రాబాద్ క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని తేల్చింది. పడిన ముక్కలు గుర్తుంచుకోవాలని, ఏది ఉంచాలో ఏది పారేయాలో తేల్చుకోవాలని కారణం చెప్పింది. మూడు ముక్కలాటను అదృష్టం వైపే ఉంచింది. ఆ తీర్పు మీద దశాబ్దాలు గడిచాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో పందెంతో ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టం నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా దేశమంతటా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను ఆపేసింది. నా దృష్టిలో అది అవసరమైన చట్టమే. ఫోన్‌లోని ఆటకు రాత్రీ పగలూ లేదు, నష్టానికి అడుగు లేదు, ఎదుట మనిషి లేడు. నేను మెచ్చుకున్న ఫ్రీజౌట్ లక్షణాలు ఒక్కటీ అందులో లేవు.

వేగాస్ వెళ్లాలనుకునే వారికి రెండు మాటలు. 2017లో నిపుణ్ జావా, ఆదిత్య సుశాంత్ జంటగా కంకణం గెలిచాక భారతీయులకు ఆ హాలు దూరం అనిపించడం లేదు. అమెరికాలో ఉద్యోగాలు చేసుకునే తెలుగువాళ్లకు మరీ దగ్గర. పదివేల సీటు మీద కాక ఐదారువందల డాలర్ల పోటీల మీద కన్నేయండి. ఆ రుసుము ముందే ఖర్చు కింద రాసేయండి, అప్పు చేసి మాత్రం కట్టకండి. భారత్ నుంచి వెళ్లి పెద్ద బహుమతి గెలిస్తే అక్కడే 30 శాతం పన్ను కోసుకుంటారని గుర్తుంచుకోండి. ఓడిన రాత్రి పక్క గదిలోని డబ్బాట బల్లల వైపు వెళ్లకండి.

వెళ్లనివారికి అసలు మాట. టోర్నమెంట్ చిప్‌కు లాస్ వేగాస్‌లోనే రూపాయి విలువ లేదు, అది ఇంకాసేపు బల్ల దగ్గర ఉండడానికి హక్కు మాత్రమే. ఆ పని చింతపిక్కలూ చేస్తాయి. సంక్రాంతికో, పెళ్లి విడిదిలోనో పేక బయటికి తీసినప్పుడు ఆరుగురు కూర్చోండి. తలా వంద పిక్కలు పంచుకోండి. బ్లైండ్లు ఒకటి, రెండుతో మొదలుపెట్టి ఇరవై నిమిషాలకోసారి రెట్టింపు చేయండి. పిక్కలు అయిపోయినవాళ్లు లేవాలి, మళ్లీ కొనుక్కోవడం ఉండకూడదు. పదహారేళ్ల పిల్లల్నీ కూర్చోబెట్టండి, ఒక్కో పంపకం అయ్యాక ఎందుకు కట్టావు, ఎందుకు పారేశావు అని అడిగి చెప్పించండి. రూపాయి మాత్రం బల్ల మీదికి రానివ్వకండి.